సుద్దగీత

గ్రోనింగెన్‌లో, మూడో అంతస్తులో
ముక్కూమొహం తెలియనివాళ్లని ఎదురెదురుగా కూర్చోబెట్టి
ముప్పై ఒక్కేళ్లు
స్టాప్‌వాచీ నొక్కింది ఫెన్నా వియర్స్మా.
చూపు ఎన్ని సెకన్లు నిలిచింది,
నవ్వు ఎవరిది ముందు,
ఎంత నచ్చారో, ఒకటి నుంచి ఏడు దాకా
సున్నా చుట్టండి.

కుర్చీకీ కుర్చీకీ మధ్య తొంభై సెంటీమీటర్లు.
నేలమీద సుద్దగీత.

రిటైరయ్యే రోజున
గది తుడిచే హార్మ్ కాఫీ తెచ్చి చెప్పాడు:
"తడిగుడ్డకి గీత చెరిగిపోయేది, ప్రొఫెసర్.
మళ్లీ నేనే గీసేవాణ్ణి, కంటి కొలతతో.
పాపం, మరీ ఎడంగా ఉన్నారనిపిస్తే
కాస్త దగ్గరగా."

ఆమె టేపు తీసింది.
డెబ్బై నాలుగు.

పదకొండు వ్యాసాలు, ఒక పతకం
ఆ పదహారు సెంటీమీటర్ల సందులోకి జారుతుంటే
ఆమెకి నవ్వాగలేదు.

"కూర్చో, హార్మ్," అంది
ఎదురు కుర్చీ చూపిస్తూ.
స్టాప్‌వాచీ సొరుగులోనే ఉండిపోయింది.