చూద్దాం లెండి

మా లంకలో ప్రెసిడెంటంటే
ఢిల్లీలో ఉండేవాడు కాదండి,
పంచాయతీ అరుగు మీద
చుట్ట ఆర్పకుండా సంతకం పెట్టే యాళ్ల భూషణం గారు.
పదేళ్లు.
ఆ పదేళ్లనీ గోడల మీద రాసింది నేను,
గెడ్డం సాల్మన్ని.
సాల్మన్ ఆర్ట్స్, రేవు సెంటర్.

మొదటి ఎన్నికకి ఎర్ర ఆక్సైడుతో రాశాను.
గుర్తు లాంతరు.
గెలిచిన వారానికి
ప్రతి పాక చూరుకీ ఓ లాంతరు వేలాడింది,
వెలిగించడానికి కిరసనాయిలు లేకపోయినా.

ఆయన తుప్పురంగు చొక్కా తొడిగితే
నరసాపురం కొట్లలో ఆ తాను అయిపోయింది.
టైలరు మస్తాను జేబుని బెత్తెడు కిందికి దించాడు.
ఆయన జేబులో డైరీ ఉండేది,
మా కుర్రాళ్ల జేబుల్లో దువ్వెన.
ఆయన కుడికాలు కాస్త ఈడ్చేవారు, ఎప్పుడో ఎద్దు తొక్కింది.
ఏ ఎద్దూ తొక్కని కాళ్లు కూడా
రేవు దాకా ఈడ్చుకుంటూ నడిచాయి.

అన్నిటికన్నా ఆ మాట.
రోడ్డడిగితే, "చూద్దాం లెండి."
బోరు చెడిందంటే, "చూద్దాం లెండి."
ఎవర్నీ కాదనలేదు,
ఎవరికీ కోపం రాలేదు.
లాకులెత్తిన కాలవలాగ
ఆ మాట గట్టు దిగి చేలల్లోకి పారింది.
బడిలో మేష్టారు, ఫెర్రీలో సరంగు,
ఆవిరికుడుము కూడా వదలకుండా తిన్న పెళ్లివారు,
అందరిదీ అదే మాట.
నాటకంలో యముడు సైతం పాశం భుజాన వేసుకుని
"ప్రాణమా? చూద్దాం లెండి" అన్నాడు.
జనం ఈలలేసి వన్స్ మోర్ అడిగితే
చచ్చినోడు లేచి మళ్లీ చచ్చాడు.

పంచాయతీకి టీవీ వచ్చింది.
ముందు కుర్చీలు, వెనక బల్లలు, ఆ వెనక గోనెలు,
కిటికీ బయట మా పేట.
ఊచల మధ్యనుంచి మాకు సగం బొమ్మే.
ఓ ఆదివారం ఆయనే లేచొచ్చి
"లోపలికి రండర్రా" అన్నారు.
నిజమండి, అన్నారు.
మా నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు సంతోషంతో.
ఆ ఒక్క మాటకి మా పేట పదేళ్లూ ఓటేసింది.
లోపలికెళ్తే
గోనెలు మా దగ్గరికొచ్చేసరికి అయిపోయాయి.
గచ్చు చల్లగా ఉంది.
గోనెల సంగతి అడిగితే నవ్వారు,
ఏమన్నారో మీకు తెలుసు.

వరద రాత్రి.
గట్టుకి గండి పడిందనీ, పడవలు కావాలనీ
కొల్లాటి పోలయ్య నడుం దాకా తడిసి వచ్చి నిలబడ్డాడు.
ఆయన నోట్లోంచి అదే వచ్చింది.
వస్తుందని ఆయనకీ తెలీదనుకుంటాను,
అన్నాక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు.
పోలయ్యవి పదకొండు మేకలు, ఒక అత్తగారు.

ఆ పైన ఊళ్లో ఎవరూ ఆ మాట అనలేదు.
చొక్కాలు చేలో దిష్టిబొమ్మలకెక్కాయి.
కాళ్లన్నీ ఒక్కసారే బాగుపడ్డాయి.
నేను గోడలకి సున్నం వేశాను, సగం నా డబ్బుతోనే.
వాన పడితే చాలు
ఎర్ర అక్షరాలు సున్నం కిందనుంచి చూస్తాయి.
నా చేతిరాతే,
తప్పుకుందామన్నా ఎటు తప్పుకుంటాను?

ఈసారి సీటు ఆడవాళ్లకిచ్చారు.
గుత్తుల నాగవేణి గారు, కొబ్బరిపీచు మిల్లులో మేస్త్రీ.
మొదటిరోజు మెట్ల కింద ఊరంతా,
ఆ బోరు సంగతే, అదే బోరు.
అందరూ ఆవిడ నోటికేసే చూస్తున్నారు,
కొత్త మాటేదో పడుతుంది, పట్టుకెళ్దామని.
ఆవిడేం అనలేదు.
చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని
మెట్లు దిగి బోరువైపు నడిచారు.
మేమంతా వెనక.

కుడికాలు కాస్త ఈడుస్తున్నట్టు అనిపించింది నాకు.
చెప్పు తెగిందేమో.