తడి చేత్తో

ఎయిబార్‌లో మూడు రోజులుగా సన్నని వాన.
గార్బిన్యె బల్ల మీద నాలుగు బోల్టులు.
నాలుగూ నలుపే,
కొనేవాడి కంటికి.

మొదటిది కాస్టిక్ సోడాలో
నూట నలభై డిగ్రీల దగ్గర ఉడికింది.
కొలత వెంట్రుకవాసి కూడా మారలేదు.
నూనె తుడిచి ఉప్పు పొగమంచులో పెడితే
సాయంత్రం దాకా ఆగలేదు.

ఫాస్ఫేటుది బొగ్గుపొడి రంగు, గరుకు.
నూనె పోస్తే తాగి దాచుకుంటుంది.

అల్యూమినియంది వేసవంతా కిటికీలో ఉంది.
అంచున వంగపండు ఛాయ
మెల్లగా బయటపడుతోంది.

జింకు మీది నలుపు రెండు వారాలు నిలిచింది.
మర దగ్గర మాత్రం బిగుసుకుంది.
ఎనిమిది మైక్రాన్లు. అంతే. అయినా బిగుసుకుంది.

"పెయింటు వేస్తే పోలా?" అన్నాడు కొత్త కుర్రాడు ఉనాయ్.
మసి పూసిన మారేడుకాయను చూసినట్టు
వాణ్ణి చూసింది.

తర్వాత జేబులోంచి ఐదోది తీసింది.
తుపాకీ గొట్టాలకు నలుపెక్కించిన
ఇసిద్రో ఇచ్చిన చిన్న మేకు.
ఆయన పనిగట్టుకుని తుప్పు పట్టనిచ్చేవాడు,
రాత్రంతా, తడి పెట్టెలో.
తెల్లారి మరిగే నీళ్ళలో వేస్తే
ఎరుపు
నలుపయ్యేది.
తీగ బ్రష్‌తో రుద్ది, మళ్ళీ తుప్పు, మళ్ళీ నీళ్ళు.
ఎనిమిది సార్లు.
"తుప్పును తరమకు పిల్లా, ఉడకబెట్టు" అనేవాడు.

రిపోర్టులో నాలుగే గళ్ళు.
ఒందార్రోవా పడవల ఆర్డరు కాబట్టి
జింకు అని రాసింది.
మర కాస్త వదులు చెయ్యాలి, అని కింద.

మేకును మళ్ళీ జేబులో వేసుకుంది,
తడి చేత్తోనే.