కందిగింజంత గ్రీజు

లీటరుకు అరవై ఇచ్చే బండి
నలభై రెండుకు దిగింది.
నేను ఇంజన్నే అనుమానించినా.
ఎర్రగుంట్లలో ఇంటింటికీ పోయి కరెంటు మీటరు చదివేవాణ్ణి,
రోజుకు నూటిరవై గడపలు, నూటిరవై సార్లు బ్రేకు.
ఎక్కువ తిరిగిన మీటరు ముందు
జనం నన్ను తిట్టినట్టే
పెట్రోలు బంకు కాడ నిలబడి
నా బండిని నేను తిట్టినా.

హుసేనప్ప షెడ్డు పక్కనే నాపరాళ్ల మిషను.
ఇరవై రెండేండ్లు బండలు కోసి కోసి
ఆయన చెవులు గూడా కోసుకపోయింది.
"వెనక చక్రం కీచుమంటాందప్పా" అని నేనరిస్తే
నా దిక్కు చూడనే లేదు.
సెంటర్ స్టాండేసి చక్రాన్ని ఒక్క తోపు తోసినాడు.
ముప్పావు చుట్టు తిరిగి
అలిగిన ఎద్దు మాదిరి నిలబడిపాయె.
ఎంగిలి వేలు హబ్బుకు తాకిస్తే
సుయ్యిమనె.
స్క్రూడ్రైవరు మొన డ్రమ్ముకు ఆనించి
పిడి దవడెముకకు అదుముకొని, కండ్లు మూసి,
ఇంకోపారి తొయ్యమని సైగ.
పక్కన మిషను మొత్తుకుంటానే ఉంది.
ఆయన మొగం మాత్రం
చీకటింట్లో పసిబిడ్డ ఊపిరి కనిపెడుతున్నట్టుంది.

"ఇంజను బంగారం.
బ్రేకే, పట్టేది నేర్సుకొని
ఇడిసేది మర్సిపోయినాది."

చక్రం ఊడదీస్తే డ్రమ్ములోంచి రాలింది మా ఊరు,
సిమెంటు తెలుపూ నాపరాతి నలుపూ కలిసిన బూడిద.
ఊదబోతే నా మూతికి చెయ్యి అడ్డం పెట్టినాడు.
తడిగుడ్డతో తుడిచినాడు.
షూలు తళతళమంటున్నాయి,
అవి బాగున్నాయనుకున్నా.
"మెరిసేది పట్టదబ్బీ. కాగి కాగి గాజయింది."
ఒకటి ఒక కొసన తాటాకంత మిగిలింది.
క్యామ్ తుప్పులో ఇరుక్కొని
స్ప్రింగు గుంజినా వెనక్కి తిరగలేక
కాలు తీసినాక గూడా
తొక్కినట్టే ఉండిపోయింది, ఎన్ని నెలలుగానో.

రాడ్డు చివర నట్టు చూపించి
"ఎవురు దీన్ని ఇంత బిగిచ్చింది?" అన్నాడు.

చెప్పినా.
ఆయనకు వినపడదని తెలిసే చెప్పినా మొత్తం.
ముద్దనూరు ఘాటులో బండల లారీ వెనక
అడుగంటా తొక్కినా ఆగని బండిని,
మధ్యన మిగిలిన జానెడు జాగాను,
వెనక కూచోని పుల్లైసు చీకుతా
"మామా, ఇంకోపారి" అని నవ్విన
ఏడేండ్ల నా మేనల్లుణ్ణి.
ఇంట్లో చెప్పలేదు. చెల్లెలికీ చెప్పలేదు.
ప్రతి ఆదివారం నట్టు ఒక చుట్టు తిప్పినా,
నిద్రపట్టని రాత్రి లేచిపోయి ఇంకో అర చుట్టు.

హుసేనప్ప కొత్త షూలను ఉప్పుకాగితంతో రుద్దుతాండాడు.
క్యామ్ గీకి, చిటికెనేలి కొసకు
కందిగింజంత గ్రీజు తీసి పూసినాడు.
ఇంకొంచెం పుయ్యమన్నట్టు చూస్తే తల అడ్డంగా ఊపినాడు.
"ఎక్కువైతే షూకు అంటుతాది.
అంటితే మళ్లా ఆ ఘాటే నీకు."

ఘాటు సంగతి ఎట్ల తెలిసెనో నేనడగలేదు.

పెడలు తొక్కిపట్టమన్నాడు, యాక్సిల్ బిగించినాడు.
నట్టును వదులు చేసినాడు, మళ్లా కొంచెం వదులు.
నా కాలు కింద బొటనవేలంత ఖాళీ ఊగింది.
"ఈ మాత్రం ఉండాల."
చక్రం తోసినాడు.
మీటర్లో డిస్కు లెక్కపెట్టే అలవాటు కదా,
ఏడు, ఎనిమిది, తొమ్మిది.
తొమ్మిదో చుట్టు తనంతట తానే అలసి ఆగింది.

నూట ఎనభై ఇచ్చినా.
చిల్లర ఇచ్చేటప్పుడు నా సంచిలో చెయ్యి పెట్టి
పద్నాలుగు నంబరు పానా తీసి
తన డబ్బాలో వేసుకున్నాడు.
"నెలకోపారి రా. నేను తిప్పుతా."