ఎడమచేతి సంతకం

కోర్టు వాకిట్లో పేర్లు పిలిచే పని నాది.
మూడుసార్లు పిలవాల.
చింతచెట్టు కింద బీడీ ముట్టించుకునేవాడికీ వినబడాల.
ఇరవై రెండేండ్లు అరిచినాక
ఇప్పుడు నా గొంతు పక్కగదిలో మనవరాలికే అందదు.

మార్కొండయ్య గారు మా పుత్తూరు మున్సిఫు.
వాళ్ళ నాయన వాయల్పాడు పక్క తమలపాకు తోటలో కూలి.
నూరేసి ఆకులు లెక్కబెట్టిన వేళ్ళతోనే
చట్టం పేజీలు తిప్పతాడని
ప్లీడర్లు వెనకమాల నగేవాళ్ళు.
మదనపల్లి హోటల్లో గల్లా కాడ చీటీలు రాసి చదివినాడు.
నల్లకోటు మోచేతి కాడ చిరిగితే
తానే కుట్టుకునేవాడు, తెల్లదారంతో.

పలమనేరులో మొదటి కొలువు.
ఒక ఎద్దు గురించి దావా.
సాక్షి కన్నడంలో చెప్పె, ప్లీడరు తెలుగులో తిప్పె,
గుమాస్తా ఇంగ్లీషులో రాసుకునె.
చివరికి చూస్తే
ఎద్దు కొమ్ము మూడు భాషల్లో మూడు పక్కలకి వంగుండె.
ఆ పొద్దు నుంచీ
సాక్షి ఏ మాటతో చెప్తే ఆ మాటనే
అంచులో రాసుకునేవాడు, పెన్సిలుతో.

తప్పు చెయ్యలేదా అంటే, చేసినాడు.
నగరిలో ఒక నేతగాడి ఇల్లు వేలానికి డిక్రీ ఇచ్చినాడు.
టముకు వేయించింది నేనే.
మగ్గం వీధిలో పడి రెండు వానలకి తడిసింది.
ప్రోనోటు దొంగదని తర్వాత తేలింది.
ఒకసారి తిరప్తి పోయినప్పుడు
ఆ ముసలాయన వీధి మలుపులో పూలు అమ్మతా ఉండాడు.
ఈయన అక్కడే నిలబడిపోయినాడు.
పూలు కొనలేదు, పలకరించలేదు.
సుట్టు తిరిగి ఇంకో సందులో పోయినాము.
నేనేమీ అడగలేదు.

తర్వాత జిల్లాని కోసే ఏడు వచ్చింది.
ఏ ఊరు మద్రాసుకి, ఏ ఊరు మనకి అని
టీ అంగళ్ళలో గొంతులు లేస్తా ఉండె.
జువ్వికండ్రిగ అటుపక్కకి రాసేసినారు.
ఆ ఊరి పూంగావనమ్మ దావా మిగిలిపోయింది:
మొగుడు పోయినాక
బావిలో మూడో వాటా నీళ్ళు మరిది తోలనీడు.
చెనిక్కాయ చేను కండ్ల ముందర ఎండతా ఉంది.

ఆ నెల మొదట్లోనే ఈయన జట్కా దిగతా జారి
కుడి మణికట్టు ఇరగ్గొట్టుకున్నాడు.
"పడేవాడు పుత్తూర్లోనే పడాల" అని నవ్వినాడు.
కోడిగుడ్డు సొన, ఆకుపసరు, వెదురుబద్దలు.
కట్టు కట్టి చెయ్యి కదపొద్దన్నారు.

మార్చి ముప్పైఒకటి, రాత్రి.
పన్నెండు దాటితే ఆ ఊరు ఆయన మాట వినదు.
లాంతరు వెలుగులో
ఆయన చెప్తా ఉంటే గుమాస్తా రాసినాడు.
పూంగావనమ్మ అరుగు మీద మోకాళ్ళు కావలించుకోని కూచోనుంది.
మధ్యలో లాంతరు ఆరిపోతే
కిరసనాయిలు మా ఇంటినుంచి తెచ్చినా.
పదకొండు నలభైకి తీర్పు చదివినాడు:
మూడు దినాలకొక దినం,
పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకే దాకా, మోట ఆమెది.
పెన్ను ఎడమచేతికి మార్చుకున్నాడు.
అక్షరాలు పసిబిడ్డ నడకలాగా పోయినాయి
గీత దాటి, కిందికి.

మరిది ఊరుకుంటాడా.
ఆ సంతకం మున్సిఫుది కాదని
కొత్త జిల్లా కోర్టులో అప్పీలు ఏసినాడు.
సాక్షికి నన్ను పిలిచినారు.
జీవితంలో మొదటిసారి, నా పేరు ఇంకొకడు మూడుసార్లు అరవగా విన్నాను.
అరవంలో అడిగినారు, తెలుగులో చెప్పినా:
"ఎడమచెయ్యి సామీ. కుడిచెయ్యి కట్టులో ఉండె.
లాంతర్లో నూనె పోసింది నేనే."
గుమాస్తా ఏం రాసుకున్నాడో నాకు తెలీదు.
అంచులో పెన్సిలు గీత ఏదీ కనపడలా.

నీళ్ళు మాత్రం పారినాయంట.
ఏడాది తర్వాత ఒక మూట చెనిక్కాయలు కోర్టుకొచ్చినాయి.
ఆయన ముట్టలేదు, తిప్పి పంపించమన్నాడు.
దారిలో నేను పిడికెడు తిన్నా. ఆ మాట ఆయనకి చెప్పలా.

కట్టు ఇప్పినాక కూడా మణికట్టు కొంచెం వంకరగానే నిలిచింది.
చిత్తూరు గ్రీమ్స్‌పేటలో బాడుగింట్లో పోయినాడు,
తడిసి ఆరిన పేపరు మాదిరి తేలికై.
ప్లీడర్లు ముగ్గురొచ్చినారు. మోసేదానికి మనుషులు చాల్లేదు.
నేను వాకిట్లో నిలబడినా.
పాత అలవాటు, నోరు ఊరుకోదు.
"మార్కొండయ్యా" అన్నా ఒకసారి.
ఇంకోసారి.
మూడోది పిలిస్తే
హాజరు లేడని రాసేస్తారు.
పిలవలా.