మూడో పేజీ

ఇద్రియా కొండ ఆసుపత్రిలో
ఈ పొద్దున ఒక మనిషిని పుట్టించాను.
పేరు మాతెవ్ష్ క్రిజాయ్, వయసు అరవై రెండు.
పాదరసం గనిలో పనిచేశాడని కూడా రాశాను,
ఏ గడీ అడగకపోయినా.

పెన్సిలిన్ పడదని నమోదు చేసి
మరుక్షణం పెన్సిలిన్నే రాశాను.
తెర ఉలకలేదు, పలకలేదు.
సరే అంది.
పదీ నలభైకి మాతెవ్ష్ చచ్చిపోయాడు.

సాఫ్ట్‌వేర్ కుర్రాడు గాష్పెర్ నీళ్లు నమిలాడు:
"హెచ్చరిక ఉందండీ, మూడో పేజీలో."
మూడో పేజీ దాకా
ఊపిరి ఆగుతుందా నాయనా?

మళ్లీ పుట్టించాను.
ఈసారి రక్తపోటు తప్పు రాసి, దిద్ది,
దిద్దిన చోటు కోసం వెతికాను.
మచ్చ కూడా లేదు.
అంత శుభ్రమంటే నాకు భయం.
కొట్టివేత కింద పాత అంకె కనబడాలి,
ఎవరు కొట్టేశారో, ఏ వేళప్పుడో.

నర్సు మిలోయ్‌కా మాట్లాడకుండా
బీరువాలోంచి పాత అట్ట ఒకటి తీసింది.
మడిచిన మూల, ఎర్ర పెన్సిల్‌తో రెండు గీతలు,
ఎవరిదో కాఫీ మరక.
"దీనికి ఎవరూ ముద్ర వేయలేదు," అంది.

ముద్ర నా సంచిలోనే ఉంది.
ఫారంలో నలభై ఏడు గళ్లు,
రెండింట్లో ఏమీ రాయలేదు నేను.
బస్సుకింకా గంట టైముంది.
ఈసారి రోగిని నువ్వే పుట్టించమన్నాను గాష్పెర్‌ని.

పేరు గబగబా కొట్టాడు.
వయసు దగ్గర వేళ్లు ఆగాయి.
"మా నాన్న వయసు పెట్టనా?" అన్నాడు.