సగం సగం

గ్దీనియా రేవు మీద మంచు.
నాలుగో అంతస్తులో రాత్రి డ్యూటీ బొజేనాది.
కూర్చున్న కుర్చీ వార్సా వాళ్ళది,
మోచేతుల కింద బల్ల స్టాక్‌హోమ్ వాళ్ళది.
కాఫీ మిషన్ ఎవరి వాటాకొస్తుందో తేలక
మూడు నెలలుగా అలాగే చెడిపోయి ఉంది.

సినిమాల చానెల్ వీళ్ళకి, వంటలది వాళ్ళకి.
పిల్లల బొమ్మల కోసం కోర్టుకెక్కారు.
చేపల వేట చానెల్ దగ్గరికొచ్చేసరికి
మీరే ఉంచుకోండి, అబ్బే మీరే...
ఎక్కడలేని మర్యాద.

పన్నెండుకి ఆపెయ్యాలి.
ఆపడానికీ రెండు సంతకాలు కావాలి,
వచ్చింది ఒకటే.

బొజేనా కిటికీ తెరిచి
కెమెరాని రేవు వైపు తిప్పింది.
పడవలు. మంచు. ఒక కుక్క.

ఒంటిగంటకి ఒక్సివియే నుంచి ముసలాయన ఫోన్:
"ఆ మూడో పడవ నాదేనమ్మా.
తాడు వదులైంది,
కాస్త ఎవరితోనైనా చెప్పు."