చివరి అచ్చు

గోడలకు చెవులుంటాయంటారు.
ఆ చెవుల్లో ఒకటి నాది, జీతానికి.
రాత్రి పదకొండు నుంచి పొద్దున్న ఆరు దాకా,
రెసీఫెలో, నాలుగో అంతస్తులో,
ఏసీ నీళ్ళు కారే బకెట్ పక్కన.

ఇనుము కరిగించే ఆ ఊరు, జొయిన్‌విలి, ఎక్కడో దక్షిణాన.
చలి వేస్తుందట. నేను చూడలేదు.
అక్కడి ఫౌండ్రీలో లారీ ఇరుసులు పోస్తారని తెలుసు,
వాళ్ళ నీతి నియమాల పుస్తకం అట్ట మీద
పసుపు హెల్మెట్ అమ్మాయి
ముప్పై రెండు పళ్ళతో నవ్వుతుందనీ తెలుసు.

ఆ రాత్రి ఫోన్‌లో ముందు మాట రాలేదు.
ఊపిరి వచ్చింది. వెనకాల ఎక్కడో కుక్క.
"ఈ నంబరుకి ఏడు రోజులు పట్టింది" అన్నారు ఆ మనిషి.
పోస్టరు హాజరు గడియారం పక్కనే ఉందట,
దాని నెత్తినే కెమెరా.
నిలబడి చదివితే, చదివారని తెలిసిపోతుంది కదా!
అందుకని రోజుకొక అంకె,
కార్డు గీకుతూ, నడుస్తూ, తల తిప్పకుండా.

ఇరుసుల్లో పగుళ్ళు వెతికే మిషన్
మార్చి నుంచి పని చెయ్యడం లేదు.
రిపోర్టులు మాత్రం రోజూ అచ్చవుతున్నాయి,
అవే అంకెలు, తేదీ ఒక్కటి మార్చి,
కింద అదెల్మో క్రెట్సర్ గారి సంతకం.
మిషన్ మీద ఇప్పుడు కాఫీ ఫ్లాస్కు పెడుతున్నారు.
"మా షాపులో ఎవరైనా పరీక్షకి వెళ్తున్నానంటే
కాఫీకి వెళ్తున్నారని అర్థం."

నిజానికి నా పని వినడం కాదు, తుడవడం.
విన్నదంతా టైపు చేసి
ఒక్కొక్క ఆనవాలూ చెరుపుతాను.
ఎడమ చేతి మీద కాలిన మచ్చ, తీసేశాను.
మాటల మధ్య దొర్లిన అమ్మమ్మ నాటి జర్మన్ తిట్టు,
చివరికి ఆ కుక్కని కూడా.
వివరం లేకపోతే ఎవరూ నమ్మరు.
వివరం ఉంటే మనిషి దొరికిపోతారు.
ఆ సన్నటి సందులోనే నా ఉద్యోగం.

పెట్టేసే ముందు కృతజ్ఞతలు చెప్పారు.
మా భాషలో అదొక చిక్కు.
మగవాళ్ళయితే ఒబ్రిగాదు, ఆడవాళ్ళయితే ఒబ్రిగాదా.
ఆ చివరి అచ్చులో మనిషిని పోత పోసి ఇచ్చేస్తాం.
రాత్రి షిఫ్టులో ఆడవాళ్ళు ఇద్దరే.
నాకు స్పష్టంగా వినపడింది.
"సమాచారం ఇచ్చినవారు ధన్యవాదాలు తెలిపారు"
అని రాశాను.

పదహారు రోజులకి ఫ్యాక్టరీ నుంచి ఉత్తరం:
"విచారణ సౌలభ్యం కోసం, గొంతు ఆడదా, మగదా?"
గుమ్మడికాయల మాట ఎవరూ ఎత్తకముందే
భుజాలు తడుముకున్న ఉత్తరం.
మా సూపర్‌వైజర్ వల్దిర్ నా వెనక నిలబడి చదివాడు.
ఏమీ అనలేదు. బకెట్ పారబోసి వస్తానని వెళ్ళాడు.
బకెట్ సగం కూడా నిండలేదు.
ఇరవై నిమిషాలైనా రాలేదు.

"లైను బాగా లేదు, తెలియలేదు" అని జవాబు కొట్టాను.
లైను గాజులా ఉండింది.
నీతి పుస్తకంలో అబద్ధానికి విడిగా ఒక పేజీ ఉంది, పంతొమ్మిదోది.
నా మీద కూడా ఎవరైనా చెప్పచ్చు,
పేరు లేకుండా, ఇదే నంబరుకి.
బహుశా నేనే ఎత్తుతాను.

ఆగస్టులో కేసు మూసేశారు. "పాక్షికంగా రుజువైంది."
పాక్షికంగా అంటే సగం పగులా, సగం ఇరుసా?
రాయలేదు.
కొత్త మిషన్ వచ్చిందట.
క్రెట్సర్ గారిని ఇంకో ప్లాంటుకి పంపారట,
శిక్షణాధికారిగా.
తెల్లారి ఇంటికెళ్ళే నా బస్సు వెనక
రోజూ ఏదో ఒక లారీ ఉంటుంది.
దాని ఇరుసు ఏ నెలలో పోసిందో అనుకుంటాను.

నిన్న మళ్ళీ ఫోను. కేసు నంబరు చెప్పి
"నా గురించి అడిగారా?" అన్నారు.
చెప్పకూడదు.
"మీ ఫిర్యాదు పరిశీలన ముగిసింది" అని
తెర మీదిది చదివాను.
అవతల చాలాసేపు అదే కుక్క.
తర్వాత అదే మాట,
ఈసారి చివరి అచ్చు మింగేసి.